5.25 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్: సాయంత్రం పూట రీడ్ ఎర్రర్లు, పవర్ సప్లై మొత్తం మార్చాలా?

చిత్తూరు_8బిట్:

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక స్కూలు పాత సామాను వేలం వేస్తే ఎస్.సి.ఎల్. యునికార్న్ ఒకటి, దానితో పాటు విడిగా ఇనుప పెట్టెలో ఉన్న 5.25 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ ఒకటి దొరికాయి. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 1984-85లో మొదలైన "క్లాస్" అనే ప్రాజెక్టు కింద మన బడులకు వచ్చిన బి.బి.సి. మైక్రోనే ఇది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ వాళ్లు ఈ పేరుతో ఇక్కడ తయారుచేశారు. కంప్యూటర్ బాగానే ఉంది. ఇబ్బందంతా డ్రైవ్‌తోనే.

పొద్దున ఆన్ చేస్తే ఫ్లాపీలు చక్కగా చదువుతుంది. పావుగంట దాటాక అక్కడక్కడా "డిస్క్ ఫాల్ట్ 0ఇ" వస్తుంది. సాయంత్రం ఆరు దాటితే మొదటినుంచే 0ఇ, 18 రెండూ వరసగా వస్తాయి. పెట్టెలోంచి ఝుమ్మని శబ్దం ఎప్పుడూ ఉంటుంది. హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను, తేడా లేదు.

పెట్టె వెనక 240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంది. లోపల మామూలు ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద 9 వోల్టులు, 15 వోల్టులు అని రాసుంది. రెండు బ్రిడ్జి రెక్టిఫయర్లు, రెండు పెద్ద కండెన్సర్లు ఉన్నాయి. 9 వోల్టుల వైపు 4700 మైక్రోఫారడ్ 16 వోల్టులది, 15 వోల్టుల వైపు 4700 మైక్రోఫారడ్ 25 వోల్టులది. పక్కనే అల్యూమినియం హీట్ సింకుకు బిగించిన 7805, 7812 రెగ్యులేటర్లు (5, 12 వోల్టులు నిలకడగా ఇచ్చేవి). కండెన్సర్లు ఉబ్బలేదు, కారలేదు. డ్రైవ్ కనెక్టర్ ఊడదీసి మీటరు పెడితే 5.02, 12.05 చూపిస్తోంది. అంటే పవర్ సప్లై బాగున్నట్టేనా? తప్పు డ్రైవ్‌దేనా? లేక అనుమానం లేకుండా పాత కంప్యూటర్ ఎస్.ఎం.పి.ఎస్. (స్విచింగ్ పవర్ సప్లై) ఒకటి పెట్టేస్తే పోతుందా?

—

రేణిగుంట_సర్వీస్:

తమ్ముడూ, లోడు లేకుండా చూసిన 5.02కు విలువ లేదు. సగం చచ్చిన కండెన్సర్ కూడా లోడు లేనప్పుడు నిండుగా ఛార్జి అయి కూర్చుంటుంది, 7805 చక్కగా 5 ఇస్తుంది. డ్రైవ్ తగిలించి, మోటారు తిరుగుతుండగా, డ్రైవ్ కనెక్టర్ దగ్గరే చూడాలి. పసుపు వైరుకు నలుపుకు మధ్య 12, ఎరుపుకు నలుపుకు మధ్య 5. కనెక్టర్ వెనక, వైరు దూరే వైపునుంచి ప్రోబు గుచ్చితే ఊడదీయకుండానే చూడొచ్చు. రెండూ 5 శాతం లోపు తేడాలో ఉండాలి, అంటే 4.75 నుంచి 5.25, 11.4 నుంచి 12.6.

మొదట ఫ్లాపీల సంగతి. సప్లై మీద అనుమానం ఉన్నంతవరకు విలువైన ఫ్లాపీ పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే పక్కనున్న చదరపు గంటుకు టేపు అంటించు, అప్పుడు రాయదు. ఆన్ చేసేటప్పుడు, ఆఫ్ చేసేటప్పుడు ఫ్లాపీ లోపల ఉండకూడదు. వోల్టేజీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రైట్ సర్క్యూట్ ఒక్క క్షణం తెరుచుకుంటే ఒక ట్రాక్ పోతుంది.

నీ ఎర్రర్ నంబర్లు కూడా ఒక దారి చూపిస్తున్నాయి. ఫ్లాపీని నడిపే 8271 కంట్రోలర్ చిప్పు ఇచ్చే 0ఇ అంటే సెక్టార్ దొరికింది గానీ డేటా సి.ఆర్.సి. (తప్పులు పట్టే లెక్క) సరిపోలేదు. 18 అంటే సెక్టారే కనబడలేదు. హెడ్ అలైన్‌మెంట్ పోతే పొద్దున కూడా రావాలి, సాయంత్రం కూడా రావాలి. గడియారం చూసుకుని వచ్చే ఎర్రర్ హెడ్‌ది కాదు. మోటారు స్పీడు మారుతోందా, హెడ్ చదివిన సన్నటి సిగ్నల్‌ను పెంచే రీడ్ ఆంప్లిఫయర్‌కు వోల్టేజీ ఊగుతోందా అన్నదే తేల్చాల్సింది.

స్పీడు చూడ్డానికి డ్రైవ్ కింద ఫ్లైవీల్ మీద నల్ల గీతల చక్రం ఉంటుంది. చాలావాటికి రెండు వలయాలుంటాయి. 50 హెర్ట్జ్ వలయంలో 20 గీతలు, 60 హెర్ట్జ్ దానిలో 24. మన కరెంటుకు 20 గీతల వలయం చూడాలి. నిమిషానికి 300 సార్లు తిరిగితే సెకనుకు 5 చుట్లు, లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది, అందుకే గీతలు నిలబడినట్టు కనిపిస్తాయి. ఎల్.ఈ.డి. లైటు కింద ఇది సరిగా కనబడకపోవచ్చు. చోక్ ఉన్న పాత ట్యూబులైటో, ఫిలమెంటు బల్బో పెట్టుకో. గీతలు మెల్లగా వెనక్కి జారితే స్పీడు తగ్గుతోందని అర్థం. ఆన్ చేసిన వెంటనే ఒకసారి, అరగంట తర్వాత ఒకసారి చూడు. స్పీడు సర్దే చిన్న స్క్రూ, అదే ప్రీసెట్, మాత్రం ఇప్పుడే తిప్పొద్దు. సప్లై తప్పును ప్రీసెట్‌తో సర్దితే, రేపు సప్లై బాగయ్యాక స్పీడు ఎక్కువవుతుంది.

తర్వాత రిపుల్, అంటే డి.సి. మీద మిగిలిపోయే ఏ.సి. ఊగుడు. పెద్ద కండెన్సర్ రెండు కాళ్ల మధ్య మీటరును ఏ.సి. రేంజిలో పెట్టి చూడు. దానికి ముందు మీటరు నమ్మదగిందో కాదో చూసుకోవాలి. 9 వోల్టుల బ్యాటరీకి ఏ.సి. రేంజిలో పెట్టు. సున్నా చూపిస్తే సరే. 18, 19 అని చూపిస్తే ఆ మీటరు డి.సి.ని ఆపడం లేదు, దాని ప్రోబుకు వరసలో 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కండెన్సర్ పెట్టుకోవాలి. చవక మీటర్లలో ఏ.సి. కింది రేంజి 200 వోల్టులే, అందులో రెగ్యులేటర్ తర్వాత ఉండే మిల్లీవోల్టులు కనబడవు. డి.ఎస్.ఓ.138 లాంటి చిన్న స్కోపు కిట్టు ఉంటే ఈ పనికి చాలు, మనం చూసేది 100 హెర్ట్జే కదా. డ్రైవ్ కనెక్టర్ దగ్గర 5 మీద 50 మిల్లీవోల్టులు, 12 మీద 100 మిల్లీవోల్టులు దాటితే చాలా డ్రైవ్‌లు ఒప్పుకోవు.

డ్రైవ్‌నే లోడుగా పెట్టడానికి భయమైతే డమ్మీ లోడు కట్టుకో. 5 వైపు 4.7 ఓమ్, 10 వాట్ల తెల్ల సిమెంటు రెసిస్టర్ ఒకటి పెడితే ఒక ఆంపియర్ పైచిలుకు లాగుతుంది. బాగా కాలుతుంది, బల్ల మీద ఆనకుండా పెట్టు. 12 వైపు బైకు ఇండికేటర్ బల్బు, 12 వోల్టులు 10 వాట్లది. చల్లగా ఉన్నప్పుడు అది కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగి తర్వాత 0.8 ఆంపియర్‌కు దిగుతుంది. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే తీరు కూడా అదే, అందుకే రెసిస్టర్ కంటే బల్బు మేలు.

పొద్దున, సాయంత్రం రెండు పూటలా గోడ ప్లగ్గులో వోల్టేజీ కూడా రాసి పెట్టు. మీటరు ఏ.సి. 750 రేంజిలో ఉందో లేదో చూసుకుని, వేళ్లు ప్రోబు వెనక్కి ఉంచి. పెట్టె లోపల ఫ్యూజు, స్విచ్చు కాళ్లు తెరిచే ఉంటాయి, అక్కడ 230 వోల్టులు. ప్లగ్గు పీకాకే చెయ్యి పెట్టాలి. స్విచ్చు ఆపితే సరిపోదు, పాత వైరింగులో స్విచ్చు న్యూట్రల్ వైపు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి.

—

చిత్తూరు_8బిట్:

అన్నా, చాలా థాంక్స్. బ్యాటరీ పరీక్షలో మీటరు సున్నా చూపించింది. డ్రైవ్ తగిలించి మోటారు తిరుగుతుండగా చూసినవి:

పొద్దున: గోడ దగ్గర 228. కనెక్టర్ దగ్గర 5.01, 12.03. 5 వైపు కండెన్సర్ మీద ఏ.సి. 0.85.

సాయంత్రం: గోడ దగ్గర 204. కనెక్టర్ దగ్గర 4.86, 11.7. కండెన్సర్ మీద ఏ.సి. దాదాపు అంతే.

5 వైపు లైనులో మీటరు పెడితే 0.7 ఆంపియర్. స్ట్రోబ్ గీతలు పొద్దున ఆన్ చేయగానే నిలబడి ఉన్నాయి, పావుగంట తర్వాత వెనక్కి జారడం మొదలైంది. అప్పుడు 12 వైపు 11.2కు దిగింది, 7812 మీద వేలు పెట్టలేనంత వేడి. విచిత్రంగా హీట్ సింకు మాత్రం గోరువెచ్చగానే ఉంది.

4.86 అంటే ఇంకా 4.75 పైనే కదా, మరి సాయంత్రం ఎర్రర్లు ఎందుకు? ఇంకో మాట: బి.బి.సి. అడుగున డ్రైవ్ కోసం పవర్ సాకెట్ ఉంది. ప్రస్తుతానికి అక్కడినుంచి డ్రైవ్ నడపొచ్చా?

—

కొర్లగుంట_లీనియర్:

మీ అంకెలు చాలా బాగా వచ్చాయండీ. తప్పులు రెండున్నాయి, రెండూ వేరువేరు. పావుగంటకు వచ్చేది ఒకటి, సాయంత్రం వచ్చేది ఇంకొకటి.

ముందు సాయంత్రం సంగతి. డి.సి. రేంజిలో మీటరు సగటు చూపిస్తుంది. సగటు 4.86 అంటే ఎక్కువసేపు 5.0 ఉండి, సెకనుకు 100 సార్లు కాసేపు కిందికి పడుతోందన్నమాట. ఆ గుంటలు ఎంత లోతో లెక్క వేద్దాం.

కండెన్సర్ మీద రిపుల్ రంపపు పళ్ల ఆకారంలో ఉంటుంది. అలాంటి అలకు మీటరు చూపే ఏ.సి. అంకెను 3.46తో గుణిస్తే పైనుంచి కిందికి ఎంతో వస్తుంది. 0.85 ను గుణిస్తే 2.9 వోల్టులు. ఇప్పుడు కండెన్సర్ విలువ తిరగేసి తీయొచ్చు: కరెంటును 100తోను, రిపుల్ తోను భాగించాలి. 0.7 ను 290తో భాగిస్తే దాదాపు 2400 మైక్రోఫారడ్. మీద 4700 అని ఉంది, లోపల సగమే మిగిలింది. ఉబ్బలేదు, కారలేదు అన్నారు. ఎండిపోయే కండెన్సర్ ఉబ్బదు. అడుగున రబ్బరు బిరడా పక్కనుంచి ఏళ్ల తరబడి ఎలెక్ట్రోలైట్ ఆవిరై పోతుంది, పైకి కొత్తదానిలా కనిపిస్తుంది. హీట్ సింకు పక్కనే పెట్టిన పెట్టెల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

మీ ట్రాన్స్‌ఫార్మర్ 240 వోల్టుల ఇంగ్లండు సప్లైకి చుట్టినది. 240కి 9 ఇస్తే 204కి 7.65 ఇస్తుంది. దాని శిఖరం 1.414 రెట్లు, 10.8. బ్రిడ్జిలో ఒకేసారి రెండు డయోడ్లు దాటాలి, ఆ కరెంటుకు 1.8 దాకా పోతుంది. మిగిలింది 9.0. అందులోంచి రిపుల్ 2.9 తీస్తే గుంట అడుగున 6.1. 7805కు లోపలికి కనీసం 7 కావాలి. కాబట్టి ప్రతి గుంటలోనూ 5 వోల్టుల లైను 4.1 దాకా జారుతోంది. డ్రైవ్‌లోని టి.టి.ఎల్. లాజిక్ చిప్పులు ఒక్కోసారి తట్టుకుంటాయి, రీడ్ ఆంప్లిఫయర్ తట్టుకోదు. అదే పొద్దున 228కి లెక్క కడితే గుంట అడుగు 7.4. ఇంచుమించు అంచు మీద నడుస్తోంది, అందుకే పొద్దున ఇబ్బంది లేదు.

కొత్త 4700 పెడితే రిపుల్ 1.5కు దిగుతుంది, సాయంత్రం కూడా అడుగు 7.5 ఉంటుంది. 6800 పెడితే రిపుల్ ఒక వోల్టు, అడుగు 8. నేను 6800 పెట్టమంటాను. మరీ 22,000 లాంటివి వద్దు. ఆన్ చేసిన క్షణంలో బ్రిడ్జి మీద, ఫ్యూజు మీద అనవసరపు భారం, లాభమేమో కొంచెమే.

12 వైపు కూడా అంచు మీదే ఉంది. 204 దగ్గర 15 వోల్టుల చుట్ట 12.75 ఇస్తుంది, శిఖరం 18, డయోడ్లు పోగా 16.2. 7812కు 14.5 కావాలి. అంటే రిపుల్‌కు మిగిలిన చోటు 1.7 మాత్రమే. అక్కడ కండెన్సర్ కూడా అదే వయసుది, అదే వేడిలో ఉన్నది. అదీ మార్చండి, 6800.

వోల్టేజీ రేటింగు మాత్రం పాతదాన్ని చూసి కొనొద్దు. 5 వైపుకు 25 వోల్టులది, 12 వైపుకు 35 వోల్టులది తీసుకోండి. లోడు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసినదానికంటే ఎక్కువే ఇస్తుంది. రాత్రి వోల్టేజీ 245 దాకా ఎక్కితే 15 వోల్టుల వైపు 25కు చాలా దగ్గరకు వస్తుంది. 105 డిగ్రీల రకం అడగండి. కాళ్ల మధ్య దూరం, పొడవు కొలుచుకుని వెళ్లండి. ఇప్పటివి పొట్టిగా ఉంటాయి, వైరు కాళ్లవి పెట్టాల్సి వస్తే కింద సిలికాన్ చుక్క వేసి కదలకుండా చేయండి. మోటారు అదురుకు కాళ్లు తెగిపోతాయి.

రెండో తప్పు 7812ది. రెగ్యులేటర్ కాలుతోంది, హీట్ సింకు గోరువెచ్చగా ఉంది అన్నారు చూడండి, అక్కడే తేలిపోయింది. మధ్యలో ఉన్న తెల్ల పేస్టు ఎండి సున్నంలా రాలిపోయి ఉంటుంది, లేదా స్క్రూ వదులై ఉంటుంది. లోపలికి 18 దాకా వస్తోంది, బయటికి 12, మధ్య 6 వోల్టులు. 12 వైపు కూడా 0.7 ఆంపియరే అనుకుని గుణిస్తే 4 వాట్లు ఆ చిన్న ముక్కలో. వేడి బయటికి పోకపోతే అది తనను తాను కాపాడుకోడానికి వోల్టేజీ తగ్గించేస్తుంది. మోటారు స్పీడు పడేది అందుకే.

పని వరస ఇలా పెట్టుకోండి. ప్లగ్గు పీకి, 100 ఓమ్ 5 వాట్ల రెసిస్టర్‌ను ఒక్కో పెద్ద కండెన్సర్ మీద కాసేపు ఆనించి, మీటరులో సున్నా చూశాకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోండి. ఫొటో తీసి, ప్లస్ మైనస్ ఎటున్నాయో బోర్డు మీద మార్కరుతో రాయండి. పాత బోర్డుల్లో రాగి పట్టీలు సులువుగా లేచిపోతాయి. ముందు కొత్త సోల్డరింగ్ లెడ్డు కొంచెం వేసి కరిగించి, తర్వాత సక్కరుతో లాగండి. పాతది ఊగించి పీకొద్దు. బ్రిడ్జిలను డయోడు రేంజిలో చూడండి, ఒక్కో డయోడు 0.5, 0.6 చూపాలి, తిరగేస్తే ఏమీ చూపకూడదు. స్కోపు ఉన్నవాళ్లు రిపుల్ 10 మిల్లీసెకన్లకు ఒకటి వస్తోందా, 20కి ఒకటి వస్తోందా చూడాలి. 20కి వస్తే ఒక డయోడు తెగింది, అప్పుడు ఎంత కండెన్సర్ పెట్టినా చాలదు.

7812 తీసి, ఎండిన పేస్టు స్పిరిట్‌తో పూర్తిగా తుడిచి, కొత్త పేస్టు పల్చగా రాయండి. లోహం గీతలు కనిపించీ కనిపించనట్టు ఉండాలి, దండిగా పూస్తే వేడికి అడ్డమే. 7805, 7812 రెండిటికీ వీపు గ్రౌండే కాబట్టి మధ్యలో కరెంటు ఆపే మైకా రేకు లేకపోయినా షార్ట్ కాదు. కానీ పాతదానికి మైకా ఉంటే తిరిగి పెట్టండి, తయారుచేసినవాడు గ్రౌండును ఒకేచోట కలపాలనుకుని ఉంటాడు. రెగ్యులేటర్ కాళ్ల దగ్గరే లోపలి వైపు 0.33, బయటి వైపు 0.1 మైక్రోఫారడ్ ఉండాలి. లేకపోతే కొన్ని ముక్కలు సన్నగా ఊగుతాయి, ఆ ఊగుడు మీటరులో కనబడదు.

సరుకు చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో దొరుకుతుంది. చిత్తూరునుంచి రెండూ అందుబాటే. నిచికాన్, రూబికాన్, మన కెల్ట్రాన్ ఏదైనా సరే. చిన్న కాంపొనెంట్ టెస్టర్ జేబులో పెట్టుకెళ్లి, డబ్బులివ్వక ముందే అక్కడే కొలవండి. లోపల చిన్న డబ్బా, పైన పెద్ద లేబులు ఉన్న సరుకు తిరుగుతోంది. 6800 అని ఉన్నది 5400 కంటే తక్కువ చూపితే తీసుకోవద్దు. రెగ్యులేటర్లలో కూడా నకిలీ ఉంది. ఒక ఆంపియర్ లోడు పెట్టి వోల్టేజీ నిలబడితేనే డ్రైవ్‌కు తగిలించండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 40 వాట్ల ఫిలమెంటు బల్బు వరసలో పెట్టిన సీరీస్ బోర్డు మీదే. డ్రైవ్ లేకుండా. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా కండెన్సర్ తిరగబడింది. ఎల్.ఈ.డి. బల్బు ఈ పనికి పనికిరాదు.

ఝుమ్మనే శబ్దానికి వేరే కారణం ఉండొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన నట్లు చూడండి. రేకులు వదులైతే వార్నిష్ పోస్తారు, తిరుపతిలో, చిత్తూరులో మోటారు వైండింగ్ షాపుల్లో చేసిస్తారు. శబ్దం ఒక్కటే ఉంటే దాని జోలికి పోకపోయినా నష్టం లేదు.

—

తిరుపతి_టిటిఎల్:

లీనియర్ గారు చెప్పిన రిపేరే చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ బాగున్న పెట్టెను ఎస్.ఎం.పి.ఎస్.కు మార్చాల్సిన పనిలేదు. అయితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి మార్పు గురించి కూడా రాస్తున్నా.

పాత కంప్యూటర్ ఎస్.ఎం.పి.ఎస్. పరీక్షకు పనికొస్తుంది, శాశ్వతంగా వద్దు. ఆకుపచ్చ వైరును నలుపుకు కలిపితే ఆన్ అవుతుంది. కానీ పాత రకాలు 5 వోల్టుల లైను చూసి తమను సర్దుకుంటాయి, 12 లైను దాని వెనక నడుస్తుంది. ఒక్క ఫ్లాపీ డ్రైవ్ లాగే 0.7 ఆంపియర్ వాటికి లెక్కలోకి రాదు. 12 కావలసిన చోట 11.3 ఇస్తుంది, ఎంత లాగితే ఎంత మారుతుందో చెప్పలేం. 4.7 ఓమ్ రెసిస్టర్ ఒకటి 5 మీద అదనంగా పెడితే కొంచెం నిలకడగా ఉంటుంది.

కొత్తగా కొనేవాళ్లు 5, 12 రెండూ ఇచ్చే ఇనుప జాలీ ఎస్.ఎం.పి.ఎస్. తీసుకోండి. 5 మీద 3 ఆంపియర్లు, 12 మీద 2 ఆంపియర్లకు తగ్గకుండా. ఎత్తు పూర్తిగా ఉండే పాత డ్రైవ్ అయితే మోటారు మొదలయ్యేటప్పుడు 12 మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 3 ఆంపియర్లది. డేటాషీటులో "కనీస లోడు" అన్న గడి తప్పకుండా చూడండి. ఇలాంటి జంట సప్లైల్లో కూడా 5 లైనే అసలు, 12 దాని వెంట నడిచేదే ఎక్కువ.

హార్డ్ డిస్కును యు.ఎస్.బి.కి తగిలించే కిట్లతో 12 వోల్టులు 2 ఆంపియర్లు, 5 వోల్టులు 2 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ వస్తుంది, నాలుగు పిన్నుల కనెక్టర్ కూడా దానికే ఉంటుంది. చేతిలో ఉంటే పరీక్షకు దానంత సులువైనది లేదు. 12 వోల్టుల అడాప్టర్ పెట్టి, వోల్టేజీ దించే ఎల్.ఎం.2596 మాడ్యూల్‌తో 5 చేసుకునేవాళ్లు మాత్రం జాగ్రత్త. దాని నీలి ప్రీసెట్ తిప్పి 5.0 పెట్టాక, ఆ ప్రీసెట్ కాంటాక్టు వదిలితే 12 వోల్టులు నేరుగా డ్రైవ్ చిప్పుల్లోకి పోతాయి. 74 సిరీస్ చిప్పులకు గరిష్ఠం 7 వోల్టులు. ప్రీసెట్ లేని, 5కే కట్టిన మాడ్యూల్ తీసుకోవాలి.

లీనియర్ పెట్టెకు కూడా ఇదే ప్రమాదం ఉంది. 7805 షార్ట్ అయితే 5 లైను మీద 9, 10 వోల్టులు పడతాయి. వోల్టేజీ మితిమీరితే లైనును షార్ట్ చేసే క్రోబార్ ఒకటి పెట్టుకుంటే డ్రైవ్ బతుకుతుంది: 5 లైనునుంచి 5.6 వోల్టుల జెనర్ డయోడు ద్వారా ఎస్.సి.ఆర్. (గేటుకు సిగ్నల్ వస్తే ఆన్ అయ్యే స్విచ్చు లాంటి ముక్క) గేటుకు, గేటునుంచి గ్రౌండుకు 100 ఓమ్, గేటు దగ్గరే 0.1 మైక్రోఫారడ్. ఎస్.సి.ఆర్.ను 5 లైనుకు గ్రౌండుకు మధ్య, దానికి ముందు, 7805 లోపలి వైపున 2 ఆంపియర్ల ఫ్యూజు. వోల్టేజీ 6.3 దాటగానే ఎస్.సి.ఆర్. లైనును గ్రౌండుకు తొక్కేస్తుంది, ఫ్యూజు పోతుంది. ఎస్.సి.ఆర్. 4 ఆంపియర్లకు తగ్గకూడదు.

ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెలో ఎక్కడ పెడతారన్నది కూడా ముఖ్యమే. హెడ్ కింద, పక్కన అంటించి పెడితే దాని స్విచింగ్ వల్ల పుట్టే విద్యుత్ రొదను రీడ్ హెడ్ పట్టుకుంటుంది. చేతనైనంత దూరంలో, మధ్యలో ఇనుప రేకు పెట్టి, ఆ రేకును గ్రౌండు చేయండి. ఎర్తింగ్ లేని ప్లగ్గులో ఎస్.ఎం.పి.ఎస్. నడిపితే పెట్టె ముట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది. లోపల మెయిన్స్‌కు పెట్టెకు మధ్య ఉండే వై-కండెన్సర్ల ద్వారా సగం మెయిన్స్ వోల్టేజీ పెట్టె మీదికి వస్తుంది. కరెంటు తక్కువే గానీ, ఆ స్థితిలో 34 పిన్నుల రిబ్బన్ కేబుల్ తగిలిస్తే బి.బి.సి.లోని డ్రైవర్ చిప్పులు పోతాయి. రెండూ ఆఫ్‌లో ఉండగా ముందు రిబ్బన్, తర్వాత కరెంటు. రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో, నిజంగా ఎర్త్ ఉన్నదానిలో పెట్టండి.

మీరడిగిన బి.బి.సి. అడుగు సాకెట్: పెట్టొచ్చు. 12 మీద 1.25 ఆంపియర్లు, 5 మీద 1.25 ఆంపియర్లు దానికి పరిమితి. మీ డ్రైవ్ ఒక్కటే అయితే ఆ లోపలే ఉంటుంది. తప్పు పెట్టెదా, డ్రైవ్‌దా అని తేల్చడానికి కూడా ఇది మంచి పరీక్ష. అయితే ఆ సాకెట్‌లో మైనస్ 5 పిన్ను కూడా ఉంది. కేబుల్ కట్టాక డ్రైవ్ వైపు నాలుగు పిన్నుల దగ్గర మీటరు పెట్టి చూడకుండా తగిలించొద్దు.

అంతకంటే ముందు బి.బి.సి. సప్లై మూత తెరిచి చూడండి. ఆస్టెక్ కంపెనీ సప్లై అయితే లోపల మెయిన్స్ లైనుకు అడ్డంగా పసుపుపచ్చ పారదర్శకపు పెట్టెల్లాంటి రిఫా కంపెనీ కండెన్సర్లు ఉంటాయి, 0.1, 0.01 మైక్రోఫారడ్‌వి. కాగితంతో చేసినవి. పైనున్న తొడుగు వయసుకు సన్నగా పగులుతుంది, ఆ పగుళ్లలో తేమ చేరుతుంది, ఒకరోజు గది నిండా ఘాటైన పొగ వస్తుంది. పగుళ్లు కనిపించినా కనిపించకపోయినా రెండూ మార్చేయండి. అదే విలువ, ఎక్స్2 అని రాసి ఉన్న పాలీప్రొపిలీన్ రకం, 275 వోల్టుల ఏ.సి. లేదా పైన. మామూలు 400 వోల్టుల డి.సి. కండెన్సర్ ఆ చోట పెట్టకూడదు, అది పోయినప్పుడు షార్ట్ అయి మంట అంటుకోవచ్చు. ఆ సప్లైలో పెద్ద కండెన్సర్ మీద 325 వోల్టుల డి.సి. ఉంటుంది. ప్లగ్గు పీకి, 10 కిలో ఓమ్ 5 వాట్ల రెసిస్టర్‌తో దింపి, మీటరుతో చూసి, అప్పుడు ముట్టుకోండి. ఆ పని అలవాటు లేకపోతే టి.వి. రిపేరు చేసేవాళ్లెవరైనా పక్కన ఉంటే మంచిది.

—

చిత్తూరు_8బిట్:

అందరికీ థాంక్స్ సార్. 6800 రెండు, పేస్టు, ఎక్స్2 కండెన్సర్లు లిస్టు రాసుకున్నా. రెండు సందేహాలు. సాయంత్రం వోల్టేజీకి స్టెబిలైజర్ పెడితే సరిపోదా? పెట్టె ఫ్యూజు చూస్తే ఎవరో రాగి తీగ చుట్టి పెట్టారు, అక్కడ ఎంతది వేయాలి?

—

రేణిగుంట_సర్వీస్:

స్టెబిలైజర్ పెట్టొచ్చు, కానీ కండెన్సర్లు మార్చాకే. ముందే పెడితే చెడ్డ కండెన్సర్ కనబడకుండా పోతుంది, ఇంకొన్నాళ్లకు ఇంకా ఎండి 230కి కూడా ఎర్రర్లొస్తాయి. మామూలు రిలే స్టెబిలైజర్ టక్కుమని మారేటప్పుడు కరెంటు ఒక్క క్షణం తెగుతుంది. ఫ్లాపీ మీద రాస్తుండగా అలా జరిగితే ఆ సెక్టారు పోయినట్టే. లీనియర్ గారి లెక్క ప్రకారం కొత్త కండెన్సర్లతో నీకు 204 దగ్గర కూడా చోటుంది కాబట్టి స్టెబిలైజర్ అవసరం రాదు. చుట్టుపక్కల బోరు మోటార్లు నడిచి 190 కిందికి పడే ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. వైండింగ్ షాపులో 220 వోల్టులకు 9, 15 ఇచ్చేలా ట్రాన్స్‌ఫార్మర్ కొత్తగా చుట్టించుకోవచ్చు. అప్పుడు ఎక్కువ వోల్టేజీ వచ్చిన రోజు రెగ్యులేటర్లు ఎక్కువ కాలతాయి, హీట్ సింకు పెద్దది చేయాలి.

ఫ్యూజుకు రాగి తీగ ఈరోజే తీసెయ్. అంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నిండు లోడులో 35, 40 వాట్లకు మించదు, అంటే 230 దగ్గర 0.17 ఆంపియర్. నెమ్మదిగా తెగే రకం, గాజు ఫ్యూజు లోహపు మూత మీద "టి" అక్షరం ఉండేది, 315 మిల్లీ ఆంపియర్లది వెయ్. త్వరగా తెగే రకం వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మొదటి ఊపుకే పోతుంది, అలా పదేపదే పోతేనే ఎవరో తీగ చుట్టి ఉంటారు. ఫ్యూజు హోల్డరు మూత పగిలి ఉంటే అది కూడా మార్చు. కొత్త ఫ్యూజుతో సీరీస్ బల్బు మీద ఆన్ చేసి, బల్బు ఆరితే నేరుగా ప్లగ్గులో పెట్టి, 4.7 ఓమ్, ఇండికేటర్ బల్బు లోడు మీద గంటసేపు వదులు. సాయంత్రం ఆరు తర్వాతే ఈ పరీక్ష చెయ్యి. కండెన్సర్ మీద ఏ.సి. 0.45 లోపు, 7812 వేడి, హీట్ సింకు వేడి దాదాపు ఒకటిగా ఉంటే డ్రైవ్ తగిలించు. ఆ అంకెలు ఇక్కడ పెట్టు, చూద్దాం.